నడిమి ముక్క

పెళ్లిచూపుల్లో ఏమేం అడుగుతారో మా అమ్మకు ముందే తెలుసు. వంట వచ్చా, ఎంతవరకు చదివింది, కుట్టుమిషను తొక్కుతుందా. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని కూర్చుంది. కానీ గద్వాల అవతల ఏటి ఒడ్డు ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ, తర్వాత నాకు అత్తమ్మ అయిన మనిషి, చాయ్ గ్లాసు కింద పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది. అదీ నన్ను కాదు, మా అమ్మను.

“మా ఇల్లు కృష్ణ ఒడ్డుకు వదినె. మాకు శాపల్లేంది పూట గడువదు. పిల్ల శాపలు తింటదా?”

మా అమ్మ రెప్ప కూడా వేయలేదు.

“తింటదా అంటవేంది వదినె! శాపంటే దానికి పానం. శాప కూర ఉంటే ఇంక వేరే కూర దిక్కు సూడదు.”

అప్పటికి నేను పుట్టి ఇరవై ఏళ్లు దాటినా చేప ముక్క నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. మా అమ్మ మాట విని సిగ్గుతో చచ్చిపోయి తల వంచుకున్నాను. వాళ్లు దాన్ని పెళ్లికూతురి సిగ్గు అనుకుని ముచ్చటపడ్డారు.

మాది గట్టు మండలంలో ఒక మెట్ట ఊరు. ఎర్ర దుబ్బ నేల. ఆముదాలు, వేరుశనగ, కందులు. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం. బోరింగు దగ్గర బిందెల వరుస కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్న రోజులు నాకు బాగా గుర్తు. చేప అంటే మాకు ఎప్పుడో ఒకసారి సైకిలు మీద గంప కట్టుకుని వచ్చే మనిషి కేక మాత్రమే. మా నాన్నకు ఆ వాసన పడదు కాబట్టి ఆ సైకిలు మా వాకిట్లో ఎన్నడూ ఆగలేదు. మృగశిర కార్తె నాడు లోకమంతా చేపలు తింటుంటే మేం ఇంగువలో బెల్లం కలిపి చిన్న ఉండలు చేసుకుని మింగేవాళ్లం. అదే మా చేప.

వాళ్లు వెళ్లిపోయాక మా అమ్మ మీద పడ్డాను.

“గట్ల అబద్ధం ఎందుకాడినవే అమ్మా?”

“ఊకో. వాళ్లకు ఏటి కింద భూమి ఉంది. ఇంటెనక నీళ్లే నీళ్లు. నా లెక్క బిందె పట్టుకొని బోరింగు కాడ సావాల్నా నువ్వు? శాప తినుడేమన్న పెద్ద సదువా? నేర్చుకుంటవు.”

మా అమ్మ ఆశ అంతా అదే, నీళ్లున్న ఇంట్లో నేను ఉండాలని. దానికి అడ్డం వచ్చింది చేప ఒక్కటే. దాన్ని కూడా దాటించేయగలనని ఆమె నమ్మకం. లగ్నం కుదిరాక ఒకరోజు మా నాన్న పొలం పోయిన సందు చూసి, గద్వాల మార్కెట్టు నుంచి రవ్వ చేప ముక్కలు తెప్పించింది. పక్కింటావిడను అడిగి కూర వండింది. అమ్మా నేనూ తలుపు దగ్గరికి వేసుకుని, కల్లు తాగేవాళ్ల లాగా దొంగతనంగా కూర్చున్నాం. పెద్ద చేప. ముళ్లు దబ్బనాల లాగా కంటికి కనబడుతున్నాయి. ఒక్కొక్కటి పీకి పక్కన పెట్టి, మధ్యలో కండ తిన్నాను. వాంతి రాలేదు. ఇంకేం, చేపల చదువు పాసయ్యానని ఇద్దరం సంబరపడ్డాం.

ప్రపంచంలో చేపలన్నిటికీ ముళ్లు ఒక్క తీరుగా ఉండవని చెప్పేవాళ్లు మాకెవరూ లేరు.

అత్తవారింట్లో నా మొదటి చేపకూర రోజు బాగా గుర్తుంది. మా వాళ్ల పొలం కృష్ణ ఒడ్డున పల్లంలో ఉంది. వానాకాలం ఏరు పొంగితే పొలం మునుగుతుంది. దసరా దాటాక నీళ్లు తీస్తే ఒండ్రు మిగులుతుంది. అందులో శనగలు, ఉల్లిగడ్డ వేసేవారు. పొలం మధ్యలో లోతైన చోట నీళ్లు తీయకుండా మడుగుగా నిలిచిపోయేది. తుంగ, నాచు, చుట్టూ తుమ్మలు. ఏరు వెనక్కి పోయేటప్పుడు మరిచిపోయి వదిలిన చేపలన్నీ అందులోనే ఎండాకాలం దాకా బతికేవి. బెస్తవాళ్లు వచ్చి వల వేసేవారు. పెద్ద చేపలు గద్వాలకు పోయేవి. మా పొలంలో వల వేసినందుకు మాకు ఇచ్చే వాటా మాత్రం బజార్లో ఎవరూ కొనని చేప.

ఆ చేపకు అసలు పేరేమిటో ఒడ్డు మీద ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. మా ఇంట్లో కత్తిశాప అనేవారు. జానెడు పొడవు, బద్ద లాగా పలచన, వెండి రంగు. తల చిన్నది. వీపు దగ్గర గూని. కింద పొట్ట దగ్గర మొదలై తోక చివరి దాకా ఒకటే రెక్క, రవిక చేతికి కుట్టిన కుచ్చులాగా. పొలుసులు ఎంత సన్నవంటే వేలికి అంటుకుంటే తప్ప ఉన్నాయని తెలియదు. చూడ్డానికి ఎంత నాజూకుగా ఉందో అనుకున్నాను. లోపల ఏముందో తెలియక.

లోపల కండకు ముళ్లున్నాయని అనడం తప్పు. ముళ్లకు కొంచెం కండ అంటుకుని ఉంటుంది. వీపు కండలో రెండుగా చీలిన ముళ్లు, వెంట్రుకంత సన్నగా, ఎటు పడితే అటు. ఏటి ఒడ్డు వాళ్లకు అదొక లెక్క కాదు. ముక్క నోట్లో పెట్టుకుంటే నాలుక ఏం చేస్తుందో ఏమో, కండ లోపలికి, ముళ్లు పెదవి మూలకు వచ్చేస్తాయి. మాట్లాడుతూనే ఉంటారు, మా మామ అయితే పక్కింటివాళ్ల గట్టు తగాదా చెబుతూనే ముళ్లు కుప్ప పోసేవాడు.

మగవాళ్లు తిని లేచాక అత్తమ్మా నేనూ కూర్చున్నాం. చిన్న చేప కాబట్టి మూడే ముక్కలు చేస్తారు. తల, నడుమ, తోక. అత్తమ్మ గరిటెతో వెతికి నడిమి ముక్క తీసి నా పళ్లెంలో వేసింది. వేసి, నా ముఖం వంక చూసింది. కొత్త కోడలు, చేపంటే పానం ఇచ్చే పిల్ల, ఎట్లా తింటుందో చూద్దామని.

నేను రవ్వ చేప లెక్కలో తుంచి నోట్లో పెట్టుకుని నమిలి మింగాను. గొంతులో ముల్లు దిగింది. దగ్గు. కళ్ల నీళ్లు. అత్తమ్మ ఉత్త అన్నం ముద్ద చేసి నా నోట్లో కుక్కి, నమలకుండా మింగమంది. మళ్లీ ఒక ముద్ద. ముల్లు దిగిపోయింది. వాకిట్లో నుంచి మామ కేకేశాడు.

“ఏమైందే?”

“ఏంగాలే. పిల్ల శాప మీద ఆత్రం పట్టలేకపోయింది. మెల్లగ తినే బిడ్డా, శాప యాడికి పోతది? ఏట్ల నుంచి వచ్చిందాయె, మళ్ల ఏట్లకైతే పోదు.”

ఇల్లంతా నవ్వు. నేనూ నవ్వాను, ఏం చేయను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను శాపల పిచ్చిదాన్ని. వాడకట్టు ఆడవాళ్లు ఎదురైతే, “ఏందే, ఇయ్యాల వల ఏసిన్రంట, పండుగేనా నీకు?” అని ఎకసెక్కాలాడేవారు. తిండిపోతు అనే పేరు తినకుండా సంపాదించినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తర్వాత నేనొక పద్ధతి పట్టాను. వంటింటి వెనక గడప దగ్గర కూర్చుని తినేదాన్ని. అక్కడ వెలుతురు తక్కువ. పులుసులో అన్నం కలుపుకుని తినడం, ముక్కను వేళ్లతో చిదిమి తిన్నట్టు చేయడం, అత్తమ్మ నీళ్లకో ఉప్పుకో లేచినప్పుడు గడప అవతలికి జార్చడం. అక్కడ పిల్లి ఉండేది. మొదట్లో పక్కటెముకలు లెక్కపెట్టగలిగేటట్టున్న పిల్లి, రెండేళ్లలో మా వీధికే దొరసాని అయింది. “ఎలుకలు మస్తుగున్నట్టున్నయి,” అని అత్తమ్మ ఆశ్చర్యపోయేది.

నేర్చుకోవాలని ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించాను. నాలుక తెగింది. పంటి చిగురులో ముల్లు విరిగి వారం రోజులు దవడ వాచింది. పంటి నొప్పి అని చెప్పి గద్వాల దవాఖానకు పోయాను. ఏటి ఒడ్డున పుట్టిన పిల్లలు మాటలు రాకముందే నేర్చుకునే విద్య అది. పెద్దయ్యాక ఎవరిని అడిగి నేర్చుకోవాలి? అడిగితే అమ్మ మాట అబద్ధమని తేలిపోతుంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన కడుపులో మాట నిలవదు. చెబితే మధ్యాహ్నానికి వాళ్లమ్మకు, సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది.

ఆ ఇంట్లో నాకు నీళ్లకు లోటు లేదు, ప్రేమకు లోటు లేదు. అదే నాకు ఇంకా కష్టమైంది. కొట్టి తిట్టే అత్త అయితే ఆమె ముక్క పిల్లికి వేసినా నిద్ర పట్టేది. మా అత్తమ్మ కసురుకున్నా ఆ కసురులో కోపం ఉండేది కాదు.

ఒకసారి ఆషాఢంలో తొలి వానలకు మడుగు నిండింది. అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది, తుంగ కోసుకొద్దామని. గట్టు మీద వంగి, మాట్లాడొద్దని వేలు చూపింది. ఏనాడో వరదకు కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దు ఒకటి నీళ్లలో సగం మునిగి ఉంది. దాని పక్కన ఒక కత్తిశాప. బతికున్నదాన్ని అంత దగ్గరగా చూడ్డం నాకదే మొదలు. ఒళ్లు కదలదు. కింది కుచ్చు రెక్క ఒక్కటే అలలాగా ఆడుతుంది. ముందుకు వచ్చింది. వెనక్కి తిరగకుండానే, ఆ రెక్కను అటు నుంచి ఇటు ఆడించి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. మధ్యలో ఒకసారి పైకి వచ్చి గుటుక్కున గాలి మింగి మళ్లీ మొద్దు పక్కకు చేరింది.

“గాలి తాగుతది. గందుకే ఎండకాలం మడుగు బురదయినా ఇది సావదు,” అంది అత్తమ్మ గుసగుసగా. “మొద్దుకు సూడు, తెల్లగ. గుడ్లు. ఆడిది పెట్టి పోయింది. ఇది మొగది. పిల్లలయ్యేదాక కావలి.”

మొగది తోకతో గుడ్ల మీద నీళ్లు విసురుతూనే ఉంది. ఒక చిన్న పరక చేప దగ్గరికి వస్తే దానికి రెండింతలు అన్నట్టు ఉబ్బి తరిమింది. అంతటి కాపలా కాసే మొగుణ్ని ఆ ఊళ్లో నేను నీళ్లలోనే చూశాను. ఆ మాటే అంటే అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమె అంత సంతోషంగా ఉండటం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇద్దరమే ఉన్నాం. ఇప్పుడు చెప్పేస్తే నవ్వేసి ఊరుకుంటుంది అనిపించింది.

“అత్తమ్మా, ఈ శాప సంగతి నీకొకటి చెప్పాల్నే...”

“నీకేం తెలుసే దీని సంగతి, నేను చెప్త విను,” అంది. తుంగ మీద చతికిలబడింది. “మా అమ్మగారిది గూడ ఏటి ఒడ్డే. పుట్టినకాడ్నించి ఈ శాపంటే నాకు మస్తు ఇష్టం. గీ ఇంటికి కోడలుగొచ్చిన. మా అత్త నాకు తలకాయనో తోకనో ఏస్తుండె. నడిమి ముక్క మొగోళ్లకు. మిగిలితే ఆమెకు. నా పానం దాని మీదనే కొట్టుకుంటుండె. అడుగుదామంటే సిగ్గు. కోడలు నోరు తెరిచి ముక్క అడుగుతదా? అప్పుడే అనుకున్న, నాకు కోడలొస్తే అది అడగకముందే ఏస్త అని.”

“మరి నువ్వు తిను అత్తమ్మా, నాకెందుకు?”

“నాదైపోయిందిలే. నువ్వు తింటే నేను తిన్నట్టే.”

అత్త చచ్చేదాకా ఆమె తలా తోకా తిన్నది. అత్త పోయాక, తన వంతు వచ్చాక, కోడలు వచ్చిందని ఆ ముక్క నాకిచ్చింది. నేను దాన్ని పిల్లికి వేస్తున్నాను. మడుగు గట్టు మీద తుంగ కట్ట నెత్తిన పెట్టుకుని ఆమె వెనక నడుస్తుంటే, ఆ కట్ట కింద ముఖం దాచుకోవడానికి వీలైనందుకు సంతోషపడ్డాను.

ఆ తర్వాత కూడా నా పద్ధతి మారలేదు. చెప్పడం ఇంకా కష్టమైపోయింది, అంతే. గుక్క తిప్పుకోకుండా అబద్ధం ఆడిన మా అమ్మకే నాకన్నా ధైర్యం ఎక్కువ.

రెండు వేల తొమ్మిదిలో దసరా పోయిన వారంలో పెద్ద వరద వచ్చింది. ఏటా పొలం దాకా వచ్చే నీళ్లు ఈసారి వీధిలోకి, ఇంట్లోకి వచ్చాయి. ట్రాక్టరు దొరికింది. గింజల మూటలు రెండు, బట్టలు, బర్రె. మిగతావి వదిలేసి ఎత్తు మీదికి పోవాలి. మెట్ట అంటే మా పుట్టినూరే. ఎవరైతే నీళ్లున్న ఇల్లని నన్ను ఇచ్చారో వాళ్లింటికే నీళ్లకు భయపడి అందరం పోయాం.

వియ్యంకుల ఇంట్లో ఉండటం అత్తమ్మకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. పొద్దున లేవకముందే వాకిలి ఊడ్చేది. మా అమ్మ చీపురు లాక్కునేది. “కూసొని తినుడు నాకు చాతకాదు వదినె, జర పని చెప్పు,” అని బతిమాలేది. ఇల్లు నిలిచిందో కూలిందో తెలియదు. మామ రోజంతా అరుగు మీద కూర్చుని తూర్పు దిక్కు చూసేవాడు. వాళ్లకు ఏదైనా ఇష్టమైంది చేసి పెట్టాలని మా అమ్మ తహతహలాడింది.

అట్లాంటప్పుడు చేపల సైకిలు వచ్చింది. వరదకు చేపలు బాగా పడ్డాయంట, గంప నిండా కలగలుపు. నేను బట్టలు ఉతకడానికి బోరు మోటారు దగ్గరికి పోయి ఉన్నాను. మా అమ్మ గంపలో వెతికి కత్తిశాపలు ఏరిందంట, మా అత్తమ్మకు అవే ఇష్టమని నా నోట వినే ఉంది కదా. మా నాన్నను చేనుకు పంపించింది. నేను తడిబట్టల గంపతో తిరిగొచ్చే సరికి పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. మూత తీయబోతే చేతి మీద కొట్టింది.

“ఇయ్యాల నువ్వు ముట్టొద్దు. నా చేతి వంట తినాలె వాళ్లు. కడుగుడు గూడ నేనే కడిగిన.”

“కడుపుల చేదు తిత్తి ఉంటదే అమ్మా, అది...”

“నాకు తెల్వదా? కడిగిన అంటున్న గద.”

చేప కడుపులో ఆకుపచ్చగా చిన్న తిత్తి ఉంటుంది. అది చిట్లకుండా తీయాలి. చిట్లిందా, కూరంతా చేదు. ఒడ్డు మీద పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. మా అమ్మ కోడిని కడిగినట్టు గీరి, పిండి, కడిగింది.

మగవాళ్లకు వడ్డించాం. మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. అత్తమ్మ వంక చూశాడు. ఆమె గుంజకు ఆనుకుని నిలబడి, కనబడీ కనబడకుండా తల ఆడించింది, తిను అన్నట్టు. మామ తిన్నాడు. మా ఆయన కూడా తల ఎత్తకుండా తిన్నాడు. కడుపులో మాట నిలవని మనిషి ఆ పూట ఎట్లా నిలుపుకున్నాడో. మజ్జిగ మాత్రం రెండుసార్లు అడిగారు. మా అమ్మ ముఖం వెలిగిపోతోంది.

తర్వాత అత్తమ్మా నేనూ కూర్చున్నాం. మా అమ్మ వడ్డిస్తానంది. మా ఇంట్లో చీకటి గడప లేదు, పిల్లి లేదు. నడి వాకిట్లో పట్టపగలు, ఎదురెదురుగా రెండు పళ్లేలు. మా అమ్మ నడిమి ముక్కలు రెండు తీసి ఒకటి ఆమెకు, ఒకటి నాకు వేసింది.

“తిను బిడ్డా. ఏడేండ్ల సంది ఏటి ఒడ్డు శాపలు తింటున్నవు, అమ్మ చేతిది ఎట్లున్నదో చెప్పు.”

మా అమ్మ నేను నేర్చుకున్నాననే అనుకుంటోంది. అత్తమ్మ నా పళ్లెం వంక చూస్తోంది. చేదు పులుసు, ముళ్ల ముక్క. నేను చిదిమాను. ఇంకా చిదిమాను. ఒక పలుకు నోట్లో పెట్టుకుని, ముల్లు తగిలి, పెదవుల మధ్య నుంచి వేలు పెట్టి తీశాను. మళ్లీ ఇంకో ముల్లు. చంటిపిల్లలు తీసినట్టు తీస్తున్నాను. తల ఎత్తి చూస్తే అత్తమ్మ చేయి గాలిలో ఆగి ఉంది. ఆమె నా ముఖం చూడటం లేదు, నా వేళ్లు చూస్తోంది. ఏడేళ్లలో నేను తినడం ఆమె వెలుతురులో చూడ్డం అదే మొదలు.

ఆమె తల వంచి తన పళ్లెంలోది తినడం మొదలుపెట్టింది. చేదంతా తిన్నది. పులుసు చుక్క మిగల్చలేదు.

“మస్తుగున్నది వదినె,” అని మా అమ్మతో చెప్పి చేయి కడుక్కుంది.

గిన్నెలు తోమడానికి ఇంటి వెనక బండ దగ్గరికి పోయాం. ఆమె బూడిద తీసుకుంది. నేను నీళ్లు పోస్తున్నాను.

“నీకు శాప తినరాదు,” అంది. అడగలేదు, చెప్పింది.

“రాదు అత్తమ్మా.”

“ఎప్పుడు రాలే?”

“ఎప్పుడూ.”

ఆమె చేయి గిన్నె మీద ఆగింది. “మరి నేనేసిన ముక్కలు?”

అబద్ధం చెప్పొచ్చు. వెతికితే ఒక్క అబద్ధం కూడా దొరకలేదు. “పిల్లికి,” అన్నాను.

అప్పుడే వెనక అడుగుల చప్పుడైంది. మా అమ్మ. మిగిలిన కూర తాను తిందామని ఒక్క ముద్ద పెట్టుకుని, చేదుకు ఉమ్మి, నోరు కడుక్కోవడానికి వచ్చినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి మా మాటలు వింది.

“తప్పు నాది వదినె,” అని ఏడుపు గొంతుతో అంది. “పెళ్లిచూపులప్పుడు నేనే అబద్ధమాడిన. ఇయ్యాల కూర గూడ పాడు చేస్తి. ఇంత చేదు తింటూ ఒక్క మాటన్న అనకపోతివి.”

“నువ్వేం తప్పు చేసినవు వదినె? పిల్లను నీళ్లున్న ఇంటికియ్యాలనుకున్నవు. నేనైనా గట్లనే ఆడుదును.” అత్తమ్మ మా అమ్మ వంక తిరిగి, మెత్తగానే అంది. తర్వాత నా వంక తిరిగింది. ఆ గొంతులో కోపం కూడా లేదు. “మా అత్తే నయం. ఆమె నా నోటి ముక్క తీసుకున్నా, తాను తిన్నది.”

ఆ మాట విన్నాక ఏ బావిలోనన్నా పడితే బాగుండనిపించింది. మా ఊళ్లో అంత నీళ్లున్న బావి లేదు.

నీళ్లు తీశాక ఊరికి వెళ్లాం. వెనక గోడ పడిపోయింది. ఇంట్లో మోకాలి దాకా ఒండ్రు. పిల్లి కనబడలేదు, దాని మాట ఎవరూ ఎత్తలేదు. పాత మడుగు ఇసుకతో పూడిపోయింది. దానికి కొంచెం అవతల ఏరు కొత్త గుంత తవ్వి పోయింది, పాతదానికన్నా పెద్దది. అత్తమ్మ నాతో మాట్లాడటం మానలేదు. ఎప్పటిలాగే పని చెప్పేది, కసురుకునేది. అన్నం దగ్గర మాత్రం నా వంక చూసేది కాదు. శాపల పిచ్చిది అని వాడకట్టువాళ్లు అంటే నవ్వి ఊరుకునేది, నా పరువు కోసం. నేను మాత్రం ఆ పేరు వినబడినప్పుడల్లా ఏదో ఒక పని మీద లోపలికి పోయేదాన్ని.

ఆ ఎండాకాలం కొత్త మడుగులో వల వేశారు. మా వాటా కింద మూడు కత్తిశాపలు వచ్చాయి. నేనే కడిగాను, తిత్తి చిట్లకుండా. ఉప్పు, బూడిద వేసి రుద్ది, చింతపండు పులుసు పెట్టాను. ఆ రోజు వడ్డన కూడా నేనే చేస్తానన్నాను. ఇన్నాళ్లకు ఆమె ముక్క ఆమెకు నా చేత్తో వేయాలని, అట్లయినా కొంత భారం దిగుతుందని నా ఆశ.

మగవాళ్లకు ముందు వడ్డించాను. నడిమి ముక్కలు మామకొకటి, మా ఆయనకొకటి. తర్వాత అత్తమ్మ కూర్చుంది. మిగిలిన ఒక్క నడిమి ముక్క ఆమె పళ్లెంలో వేశాను. నాకు కోడిగుడ్డు ఉడకబెట్టుకున్నాను, అందరి ముందే.

ఆమె ముక్క వంక కాసేపు చూసింది. తినడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదిగా తిన్నదో. ముల్లును నాలుకతో వేరుచేసి పెదవి మూలకు తెచ్చి, దాన్ని కూడా చీకి పక్కన పెట్టింది. కళ్లు సగం మూసుకుంది. ఆ మనిషి ముఖం అట్లా ఉండగలదని నాకు తెలియదు. అన్నేళ్లు ఒకే వంటింట్లో తిని, ఆమెకు ఇష్టమైంది ఆమె తింటుండగా నేనెన్నడూ చూడలేదు. పళ్లెం అంచున ముళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. వేళ్లు నాకింది. నా వంక చూడకుండా, గోడకు చెబుతున్నట్టు, చిన్నగా అడిగింది.

“ఇంకొకటున్నదా?”

గిన్నెలో తలలు, తోకలు ఉన్నాయి. మగవాళ్లకు వేసిన చేయి నాదే. ఎవరూ అడగకముందే వేశాను.

“లేదు అత్తమ్మా,” అన్నాను.

“ఉంటే అని,” అంది. తోక ముక్క తానే వేసుకుంది.